ఇసుకలో తిప్పిన పూసలు

మిడ్స్‌లాండ్, టెర్‌స్కెల్లింగ్ దీవి
నవంబరు 9

హెర్మీన్ అక్కా,

ఫోన్ చేస్తే "కొట్లో మనుషులున్నారే" అని మధ్యలో పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్నయితే చింపడానికైనా చేత్తో పట్టుకోవాలి కదా.

పోయిన నెల గాలివానకి ఏదో పెద్ద ఓడ మీంచి సరుకు పెట్టెలు సముద్రంలో పడిపోయాయి. మా ఉత్తరపు ఒడ్డంతా ప్లాస్టిక్కే. దువ్వెనలు, బొమ్మల చేతులు, సీసా మూతలు. ఊరు ఊరంతా సంచులు పట్టుకుని ఏరాం. కొత్త సరుకు కింద పాతది కూడా బయటపడింది. చేపల పెట్టెల నీలం ముక్కలు, వలలకి కట్టే నారింజ రంగు పీచు, ఎన్నేళ్లు నానాయో తెలియదు. ఎండకి వెలిసి, అంచులు అరిగి, అచ్చం గవ్వల్లా ఉన్నాయి. అందరూ చెత్తబండికి ఎత్తేశారు. నాకు చేతులు రాలేదు. కడిగి వంటింటి బల్ల మీద పరిచాను. సీబ్రెన్ కాపురం వదిలి వెళ్లాక ఆ బల్ల మీద ఒక కంచం తప్ప ఇంకేమీ పెట్టింది లేదు.

వాటితో నగలు చేస్తున్నాను. నవ్వకు. పార్సెల్లో ఒక బ్రోచ్ పంపుతున్నాను, కోటుకి గుచ్చుకో. వెనక పిన్ను అంటించాను గానీ ఊడిపోతోంది. దానికి ఏం చెయ్యాలో చెప్పు.

నీ చెల్లెలు,
నింకే


స్కూన్‌హోవెన్
నవంబరు 17

నింకే,

నవ్వొద్దన్నావు. నవ్వలేదు. పార్సెల్ విప్పగానే కొట్టు నిండా చేపల కంపు వస్తే నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? పెళ్లి ఉంగరాలు చూసుకోవడానికి వచ్చిన జంట ముక్కులు మూసుకుని బయటికి పోయారు. పెళ్లే మానుకున్నారేమో తెలియదు.

ఈ ఊళ్లో తరతరాలుగా వెండి పనే. నేను చేరిన మొదటి ఏడంతా మా గురువు నాచేత ఆకురాయి పట్టించాడు తప్ప ఉంగరం ముట్టనివ్వలేదు. నువ్వు పడవ టిక్కెట్లు చించుకుంటూ, మూడు వారాల్లో నగల పనిమంతురాలివి అయిపోయావు. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాట్ట వెనకటికెవడో. నువ్వు రోకలి దాకా కూడా ఆగలేదు, చెత్తబుట్టే చుట్టుకున్నావు.

ఇక పిన్ను సంగతి. జిగురు పెట్టావు. జిగురు పెట్టే చేతిని మా గురువు సుత్తితో కొట్టేవాడు. ప్లాస్టిక్కుకి టంకం పట్టదు, కరిగి ముద్దవుతుంది. సన్నటి కన్నం వేసి వెండి తీగ దూర్చి, అటూ ఇటూ చివర్లని చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి రివెట్ చెయ్. ముందు వైపు ఎవరైనా చెయ్యగలరు. పనితనం తెలిసేది బ్రోచ్ వెనకే.

తీగ, చిన్న సుత్తి పంపుతున్నాను. ప్రేమతో అనుకునేవు. నీకూ నాకూ ఇంటిపేరు ఒకటే కాబట్టి.

హెర్మీన్


మిడ్స్‌లాండ్
మార్చి 22

హెర్మీన్ అక్కా,

నీ సుత్తి బాగా పనికొచ్చింది. నీ తిట్లు అంతకన్నా పనికొచ్చాయి, చలికాలమంతా ఒళ్లు వేడిగా ఉంచాయి.

ఈ సంగతి విను. పోయిన నెల ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఒకాయన సెలవులకి వచ్చాడు. లోడెవైక్ అని పేరు. అక్కడ ఆయనకి నగల గ్యాలరీ ఉంది. టిక్కెట్టు కిటికీ దగ్గర నా కోటు మీది బ్రోచ్ చూసి కదలకుండా నిలబడిపోయాడు. వెనక వరుసలో వాళ్లు తిడుతున్నారు. "అయ్యా, పడవ పోతుంది, టిక్కెట్టు తీసుకోండి" అన్నాను. "పడవ పోనీండి, ఈ బ్రోచ్ ఎవరు చేశారు?" అన్నాడు. నేనే అంటే నమ్మలేదు. కోటు తిప్పి వెనక రివెట్లు చూపించాను.

నావి పదిహేను నగలు ఇప్పుడు ఆ గ్యాలరీలో ఉన్నాయి. సగం అప్పుడే అమ్ముడుపోయాయి. నీ కొట్లో ఉంగరాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, చూసీ చూసీ కళ్లు మూతలు పడతాయి. నావి ఏ రెండూ ఒకలా ఉండవు. గ్యాలరీ అచ్చువేసిన కాగితం ఒకటి జతచేశాను. చదివి కుళ్లుకో.

నింకే


స్కూన్‌హోవెన్
ఏప్రిల్ 3

కళాకారిణి నింకే గారికి,

కాగితం చదివాను. "సముద్రం తన గాయాలను నింకే చేతులతో కుట్టుకుంటోంది" అట! చిన్నప్పుడు నీ మేజోడు చిరిగితే నీ చేతులతో కుట్టుకున్నావా? నేనే కుట్టాను. సముద్రం పాపం నిన్ను ఎరగదు.

"ఈ పూసల్లో కాలం నిశ్శబ్దంగా శ్వాసిస్తుంది." ఇది రాసినవాడికి జలుబు చేసి ఉంటుంది. చేపల పెట్టెలో కాలం శ్వాసిస్తే వచ్చే వాసనేమిటో నాకు బాగా తెలుసు, రెండు వారాలు కొట్టు కిటికీలు తెరిచి పెట్టుకున్నాను.

నీ పని మీద నాకు కోపం లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు. కానీ ఇలాంటి మాటలు నువ్వు నమ్మడం మొదలుపెడితే చెడిపోతావు. బంగారం తనని తాను పొగుడుకోదు. ఎన్ని కేరట్లో ముద్ర వేసి నోరు మూసుకుంటుంది.

రివెట్లు బాగా వచ్చాయట కదా. ఆమ్‌స్టర్‌డామ్‌లో మా బంగారం సరఫరాదారు చూసి చెప్పాడు. సుత్తి నాదని చెప్పాను.

హెర్మీన్


మిడ్స్‌లాండ్
జూన్ 28

అక్కా,

తీరిక లేదు, అందుకే నాలుగు ముక్కలు. శరదృతువులో గ్యాలరీ నిండా నా ఒక్కదాని ప్రదర్శనే. లోడెవైక్‌కి నలభై దండలు కావాలట. టిక్కెట్ల ఉద్యోగం మానేశాను.

జూలైలో వస్తానన్నావు. ఈసారికి వద్దు. ఇల్లూ షెడ్డూ నిండిపోయాయి, పడుకోవడానికి చోటు లేదు. చప్పుడు కూడా ఎక్కువ.

ఒడ్డు ఇప్పుడు శుభ్రంగా ఉంది. వాలంటీర్లు వారం వారం వచ్చి ఊడ్చేస్తున్నారు. మంచిదేననుకో.

నింకే


స్కూన్‌హోవెన్
సెప్టెంబరు 12

నింకే,

వద్దన్నావు, రాలేదు. నువ్వు రాకపోయినా నీ దండ నా కొట్టుకి వచ్చింది.

గౌడా నుంచి ఒకావిడ తెచ్చింది. ఆకుపచ్చ పూసల దండ, కొక్కెం విరిగింది. మనం అక్కాచెల్లెళ్లమని ఆవిడకి తెలియదు, ఊరికి దగ్గరలో కొట్టని వచ్చింది. కొక్కెం మీద నీ అక్షరం చూసి నేనూ ఏం చెప్పలేదు. గురువారం రమ్మన్నాను.

ఆవిడ వెళ్లాక భూతద్దం పెట్టి చూశాను. మొదట నువ్వు పంపిన బ్రోచ్ నా సొరుగులోనే ఉంది, రెండూ పక్కపక్కన పెట్టాను. సముద్రంలో పడి ఉన్న ముక్కకి ఎండ తగిలిన వైపు వెలుస్తుంది, తగలని వైపు వెలవదు. పైన సన్నటి పగుళ్లుంటాయి. కన్నం వేసినచోట లోపలి రంగు ముదురుగా కనిపిస్తుంది. ఈ పూసలు లోపలా బయటా ఒకటే రంగు. అన్ని వైపులా ఒకేలా మసకగా ఉన్నాయి, ఎవరో కూర్చుని పాలిష్ తీసేసినట్టు.

ఒకటే అడుగుతున్నాను. ఇవి సముద్రంలోవేనా?

హెర్మీన్


మిడ్స్‌లాండ్
సెప్టెంబరు 15

హెర్మీన్ అక్కా,

కావు. చాలా?

ఒడ్డు మీద ఏమీ దొరకడం లేదు. నలభై దండలు ఆకాశంలోంచి ఊడిపడతాయా? పడవెక్కి అవతలి ఒడ్డున హార్లింగెన్ వెళ్లి ప్లాస్టిక్ బకెట్లు కొన్నాను. కోశాను. షెడ్డులో సీబ్రెన్ వదిలేసి పోయిన కాంక్రీటు మిక్సర్ ఉంది, అందులో ఇసుకా ఉప్పునీళ్లూ పోసి ముక్కల్ని రాత్రీ పగలూ తిప్పాను. ఆ మొగుడి సామాన్లలో పనికొచ్చింది ఇదొక్కటే.

తెలిసినవాళ్లెవరు? ఎవరూ లేరు. మొన్న గ్యాలరీలో ఒకావిడ పూసని చెవి దగ్గర పెట్టుకుని "అలల చప్పుడు వినిపిస్తోంది" అని కళ్లు తుడుచుకుంది. అది బకెట్టు పిడి, అక్కా! వాళ్లు కొనేది ప్లాస్టిక్కూ కాదు, కళా కాదు. ఏడాదికి నాలుగుసార్లు విమానమెక్కి తిరిగొచ్చి, మెడలో ఒక చెత్తముక్క వేసుకుంటే భూమికి చేసిన పాపమంతా చెల్లిపోయిందనుకుంటారు. అలాంటివాళ్లకి నిజం సముద్రమైతే ఎంత, మిక్సరైతే ఎంత? నీ గౌడా ఆవిడ కూడా ఆ కళ్లు తుడుచుకునే బాపతే అయి ఉంటుంది.

నీ ఉంగరాలు మార్చుకుని చచ్చేదాకా కలిసుంటామని ప్రమాణం చేసినవాళ్లలో సగంమంది విడిపోయారు. నేనొకదాన్ని. నా ఉంగరం నువ్వే చేశావు. నీ ముద్ర అబద్ధమైనట్టా?

కొక్కెం వేసి ఇచ్చెయ్. పెద్ద న్యాయమూర్తివి కాకు.

నింకే


స్కూన్‌హోవెన్
సెప్టెంబరు 19

నింకే,

గౌడా ఆవిడ పేరు అలీడా. కళ్లు తుడుచుకునే బాపతు కాదు. తుడుచుకోవడం ఎప్పుడో అయిపోయినట్టుంది.

కొడుకు మతైస్. మూడేళ్ల కింద మీ దీవికి ఉత్తరాన తెరచాప పడవ బోల్తాపడి పోయాడు. పడవ దొరికింది, పిల్లాడు దొరకలేదు. సమాధి లేదు. వెళ్లి పువ్వు పెట్టడానికి చోటు లేదు. మీ సముద్రంలోంచి వచ్చిందేదైనా ఒంటి మీద ఉండాలని ఆ దండ కొనుక్కుంది. స్నానానికి కూడా తియ్యదట. అందుకే కొక్కెం విరిగింది.

గురువారం వచ్చింది. వెండి కొక్కెం వేసి ఇచ్చాను. అద్దం ఇవ్వబోతే వద్దంది. ఒక్కో పూసా వేళ్లతో తడుముకుంటూ అడిగింది. "మీకు వస్తువుని చూస్తే తెలిసిపోతుందంటారు. ఇది నిజంగా టెర్‌స్కెల్లింగ్ సముద్రంలోదేనా అండీ?"

"అవునండీ" అన్నాను.

ఈ బల్ల వెనక నిలబడి నేను ఆడిన మొదటి అబద్ధం అది. రాగి కలిసిన బంగారం తెచ్చిన మంత్రి భార్యతో కూడా మొహం మీదే చెప్పిన దాన్ని. నిన్ను కాపాడటానికి చెప్పాననుకోకు. ఆవిడ మొహం చూసి "కాదు" అనడానికి నోరు రాలేదు.

నువ్వు చేసింది చెత్త అని వెక్కిరించేదాన్ని. అది నిజమైన చెత్త అప్పుడు. ఇప్పుడు దానికి ఆ గౌరవం కూడా లేదు.

ఆవిడ చిరునామా ఈ కాగితం వెనక రాశాను. ఇక నాకు రాయకు.

హెర్మీన్


మిడ్స్‌లాండ్
అక్టోబరు 4

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపుకో.

నీ ఉత్తరం అందిన మర్నాడు మొదటి పడవకి బయల్దేరాను. ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాను. ధైర్యం చాలక ముందు తేలికైన చోటికి వెళ్లానని అనుకో. గ్యాలరీలో దండలు గోడలకి తగిలిస్తున్నారు. లోడెవైక్‌ని పక్కకి పిలిచి బకెట్లూ మిక్సరూ అన్నీ చెప్పాను. మొహం మాడిపోతుందనుకున్నాను. వెలిగిపోయింది!

"అద్భుతం నింకే! నిజానికీ అబద్ధానికీ మధ్య గీతని చెరిపేశావు. కాగితం మళ్లీ రాయిస్తాను. ధర కూడా పెంచొచ్చు" అన్నాడు.

"నేనేదీ చెరపలేదు. మోసం చేశాను" అన్నాను.

"ఆఁ, అదే! మోసం! ఆ మాట పెద్ద అక్షరాల్లో గోడ మీద రాద్దాం."

అక్కా, ఆ మనిషికి చెంపదెబ్బ తగిలినా దాన్ని చట్రంలో బిగించి అమ్ముకుంటాడు. గోడల మీంచి దండలన్నీ తీసి కూరగాయల సంచిలో వేసుకున్నాను. కొన్నవాళ్లకి నిజం రాయమంటే "ఎందుకు వాళ్ల ఆనందం చెడగొట్టడం?" అన్నాడు. వాళ్ల పేర్లు పట్టుబట్టి తీసుకున్నాను, నేనే రాస్తున్నాను.

సాయంత్రానికి గౌడా చేరాను. అలీడా గారు తలుపు తీసి, దండ చేసింది నేనని చెప్పగానే చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. కాఫీ పోస్తున్నారు. పోసేదాకా ఆగితే ఇక చెప్పలేనని నిలబడే చెప్పేశాను.

"మీ మెడలోది సముద్రంలోది కాదండీ. హార్లింగెన్‌లో కొన్న బకెట్టు. నేనే ఇసుకలో తిప్పి అలా చేశాను."

కాఫీ పోయడం ఆపలేదు. కప్పు నిండాక కూజా కింద పెట్టి, దండ తీసి సాసర్లో వేశారు. "అయితే కొట్లో ఆవిడ కూడా అబద్ధం చెప్పిందన్నమాట" అన్నారు.

"ఆవిడ మా అక్క. నన్ను వెనకేసుకు రావడానికి కాదండీ, మీ బాధ చూడలేక చెప్పింది."

అప్పుడు కోపం వచ్చింది అక్కా ఆవిడకి. గొంతు పెరగలేదు. "నాకోసం ఎవరూ అబద్ధాలు ఆడక్కర్లేదు. మూడేళ్లుగా అందరూ అదే పని. బాధ తెలిసి ఉండదు, నిద్రలోకి జారినట్టే ఉంటుంది అంటారు. ఆ నీళ్లలో ఎవరికమ్మా నిద్ర పట్టేది? వాడు ఈదాడు. నాకు తెలుసు. ఓపిక ఉన్నంతసేపూ ఈది ఉంటాడు." తలుపు చూపించారు. "వెళ్లండి."

వీధిలోకి వచ్చాను. మూల తిరగబోతుంటే పైనుంచి కిటికీ తెరుచుకుంది.

"ఏమండీ! ఆ ఒడ్డుకి మీరు నన్ను తీసుకెళ్లగలరా? ఇంతవరకూ రాలేదు నేను. రాలేకపోయాను."

వచ్చే నెల వస్తున్నారు.

నింకే


స్కూన్‌హోవెన్
అక్టోబరు 11

నింకే,

చింపలేదు. మంచి పని చేశావని మెచ్చుకుంటాననుకుంటే అది వేరే ఇంట్లో అడుగు. కొంప తగలబెట్టి బిందెతో నీళ్లు మోసినందుకు బహుమతులుండవు.

ఆ లోడెవైక్ సంగతి మాత్రం రెండుసార్లు చదివాను. వాణ్ణి మా ఊరి తూనిక బల్ల మీద నిలబెడితే ముల్లు కూడా కదలదు.

నేనూ ఆదివారం గౌడా వెళ్లాను. నా అబద్ధం నేను చెప్పుకోవాలి కదా. ఆవిడ నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే, వానలో నిలబెట్టి విన్నారు. "సరే, విన్నాను" అని తలుపు వేసేశారు. నాకు అంతే తగును.

ఆవిడకి దీవిలో మంచి బూట్లు చూసి పెట్టు. పట్నం బూట్లతో దిగుతారు, చూస్తూండు.

హెర్మీన్


మిడ్స్‌లాండ్
నవంబరు 20

హెర్మీన్ అక్కా,

పట్నం బూట్లతోనే దిగారు. నావి ఇచ్చాను, రెండు మేజోళ్లు తొడిగితే సరిపోయాయి.

గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. అలీడా గారు మొదట నీళ్ల వైపు చూడలేదు. ఇసుక చూస్తూ నడిచారు. వాలంటీర్లు ఊడ్చినా వెనకటి రెండు రోజుల గాలికి కొంచెం సరుకు కొట్టుకొచ్చింది. ఆవిడ ఒక్కొక్కటే వంగి తీశారు. తెల్లగా వెలిసిన సీసా మూత, తాడు ముక్క, పసుపు రంగు పెట్టె మూల. అన్నీ అసలైనవి. నేను ఇంతకుముందు అలాంటి వాటికోసం పాకులాడాను. ప్రతిదాన్నీ చేతిలో పట్టుకుని కాసేపు చూసి, చెత్తడబ్బా వచ్చినప్పుడల్లా వేసేశారు.

"నచ్చలేదా? ఏది కావాలన్నా చేసిస్తాను" అన్నాను.

"ఇవి ఎవరివో. నాకెందుకు?" అన్నారు.

మధ్యాహ్నానికి కూర్చున్నాం. నేను ఫ్లాస్కులో తెచ్చిన బఠాణీ సూప్ ఇద్దరం ఒకే మూతలో తాగాం. అప్పుడు తలెత్తి నీళ్లు చూశారు. చాలాసేపు చూశారు. ఓదార్చడం నాకు రాదు, వచ్చినా ఆవిడ ఒప్పుకోరు.

కోటు జేబులోంచి ఆ ఆకుపచ్చ దండ తీశారు. విసిరేస్తారేమో అనుకున్నాను. "దీన్ని ఇక్కడే ఉంచొచ్చా? కొట్టుకుపోకుండా?" అని అడిగారు.

రొయ్యల పడవ నడిపే యూరియన్‌ని అడిగాను. ఆయన ఆల్చిప్పలు పెంచే వల సంచి ఒకటిచ్చి, రేవులో తన గుంజకి నీళ్లలోపల కట్టుకోమన్నాడు. కట్టాం. అలీడా గారే ముడి వేశారు, పిల్లాడికి బూటు లేసు కట్టినట్టు రెండు ముళ్లు.

"నిజమైనదయ్యాక చెప్పండి, వస్తాను" అన్నారు.

"ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేనండీ" అన్నాను.

"పట్టనీండి. వాడూ ఇక్కడే ఉన్నాడు కదా" అన్నారు.

పడవ ఎక్కేముందు, మధ్యమధ్యలో వచ్చి చూసుకుంటాననీ, నా ఇంట్లో ఒక మంచం ఉంటుందా అనీ అడిగారు. ఉందన్నాను. షెడ్డు ఖాళీ చేసేశాను.

నింకే


స్కూన్‌హోవెన్
నవంబరు 26

నింకే,

నీ ఉత్తరం కొట్టు మధ్యలో నిలబడి చదివాను. మనుషులున్నారు. ఉండనీ.

మీ ఇద్దరిలో ఒక్కరికీ బుద్ధి లేదు. పూసలు గుచ్చింది నువ్వు దేనితో? ఉక్కు తీగతో. ఉప్పునీళ్లలో ఒక చలికాలం కూడా ఆగదు, తుప్పు పట్టి తెగుతుంది. నేను వేసిన వెండి కొక్కెం నల్లబడి పెళుసెక్కుతుంది. వసంతంలో ఆవిడ వచ్చి సంచి పైకి లాగితే, పూసలు ఆ వల కన్నాల్లోంచి ఎప్పుడో జారిపోయి ఉంటాయి. ఖాళీ సంచి. మరోసారి ఆ తల్లికి సముద్రం ఖాళీ చేతులు చూపించాలా? ఈ మాత్రం ఆలోచించకుండా ముళ్లు వేసి, సూప్ తాగి వచ్చారు!

వెంటనే పైకి తియ్. మంచినీళ్లలో పెట్టి ఉంచు, ముట్టుకోకు. ఇక్కడ ఈ రెండు రోజులూ బంగారు తీగ లాగాను. కొక్కెం కూడా బంగారమే. సముద్రానికి బంగారాన్ని తినే పళ్లు లేవు. పని నువ్వు చెయ్యొద్దు, నీకు చేతకాదు, నేనే గుచ్చుతాను. తీగ చివర ముద్ర కూడా వేశాను. వేస్తుంటే పక్క కొట్టు విల్లెమ్ వచ్చి "ఏ రాణి గారికమ్మా ఇది?" అన్నాడు. "బకెట్టుకి" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పోయాడు.

పూసలు నిజమయ్యేదాకా తీగైనా నిజమైంది ఉండాలి కదే.

శనివారం మొదటి పడవకి వస్తున్నాను. రేవులో ఉండు.

హెర్మీన్